కారులో యాంప్, స్పీకర్లు: రెండు షాపులు, 38 వేలు, ఒక పెన్సిల్ సెల్

ఒక షాపు మీద కోపంతో మొదలుపెట్టిన రివ్యూ ఇది, కాబట్టి కొంచెం ఘాటుగా ఉంటే సర్దుకోండి. మధ్యలో లెక్కలు కూడా వస్తాయి. లెక్కలు వద్దనుకునేవాళ్లు వాటిని దాటేసినా ఫరవాలేదు గానీ, ఫ్యూజు దగ్గర మాత్రం ఆగి చదవండి.

మాది స్విఫ్ట్. కంపెనీ స్క్రీను, నాలుగు డోర్లకీ కంపెనీ స్పీకర్లు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏ లోటూ తెలియలేదు. నెలకోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ పోవడం మొదలయ్యాక తెలిసింది. పంతంగి టోల్ దాటి 90లో పోతుంటే టైర్ల హోరులో పాట మునిగిపోతుంది, సౌండ్ పెంచితే గొంతు పగిలినట్టు వస్తుంది, ఇంకొంచెం పెంచితే మా ఆవిడ "ఏమండీ, ఆ రేకుడబ్బా గోల ఆపండి" అంటుంది. రేకుడబ్బా అన్న మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది, దాని దగ్గరికి వస్తా.

మొదటి షాపు పేరు చెప్పను. బోర్డు పెద్దది, లోపల ఏసీ, గోడ నిండా నీలం లైట్ల యాంపులు (సౌండ్‌కి బలమిచ్చే యాంప్లిఫయర్లు). కౌంటర్‌లో కుర్రాడు నన్ను చూసీ చూడగానే మొదలెట్టాడు. "అన్నా, ఇది తీస్కో, 1500 వాట్స్, బేస్ ట్యూబ్ తోటి కాంబో. సిగ్నల్ కాడ ఆగితే పక్క బండోడు తిరిగి చూడాలె." నాకు పక్క బండివాడితో పనేముంది? అయినా ధర చూస్తే పదివేల లోపే, మనసు ఒక్క క్షణం అటు లాగింది, అబద్ధమెందుకు.

అప్పుడు డబ్బా వెనక్కి తిప్పి ఫ్యూజు చూశాను. 25 ఆంపియర్లది ఒక్కటే ఉంది. ఇక్కడే ఆ 1500 కథ తేలిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా కారు కరెంటు సుమారు 14 వోల్టులు, 25 ఆంపియర్ల ఫ్యూజంటే లోపలికి నిలకడగా పోయేదే ఎక్కువలో ఎక్కువ 350 వాట్లు. ఆ యాంప్ ఏబీ క్లాసు అనే రకం, వచ్చిన దాంట్లో దాదాపు సగం వేడికే పోతుంది. అంటే బయటికి వచ్చేది 200 వాట్ల లోపు, అదీ అన్ని ఛానెళ్లకీ కలిపి. 350 మింగేది 1500 ఎలా కక్కుతుంది? కుర్రాణ్ణి అడిగితే "అది పీక్ పవర్ అన్నా" అన్నాడు. పీక్ అంటే కనురెప్ప పాటు కూడా నిలవని అంకె. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవరు. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ఉన్నది వదిలేసి లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. యాంప్ మీద సీటీఏ-2006 అన్న ముద్ర ఉంటే ఇంకా మంచిది. 14.4 వోల్టులకి, 4 ఓమ్‌ల స్పీకర్‌తో, వక్రీకరణ (అంటే పాట చెదరడం) 1 శాతం దాటకుండా కొలిచిన వాట్లే రాయాలని ఆ కొలమానం నియమం.

స్టీరియోల మీద "50 వాట్స్ ఇంటూ 4" అని రాస్తారు చూడండి, అదీ ఇలాంటిదే. 14.4ని 14.4తో గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే 51.8 వస్తుంది. ఇది పాట అలలన్నీ తెగిపోయి ఉత్త గరగరగా మారినప్పుడు వచ్చే లెక్క. పాట పాటలా వినిపించాలంటే అందులో సగమే, 26 లోపు, నడిచేటప్పుడు 15 నుంచి 20 అనుకోండి. నా కారులో 90 స్పీడుకి గొంతు పగలడానికి కారణం అదే, స్క్రీను లోపలి ఆ చిన్న చిప్పు దగ్గర ఇంకివ్వడానికి ఏమీ లేదు.

సరే, కాంబో వద్దని చెప్పి నేను ఎంచుకున్నవి ఇవి. యాంప్: నాలుగు ఛానెళ్లు, ఒక్కోదానికి 4 ఓమ్‌ల దగ్గర 50 వాట్ల ఆర్‌ఎంఎస్, డి క్లాసు. డి క్లాసు ఎందుకంటే వేడి తక్కువ, బ్యాటరీ నుంచి లాగేదీ తక్కువ, సైజు కూడా చిన్నది కాబట్టి సీటు కింద పట్టేసింది. ఇంకో ముఖ్యమైన సంగతి, కంపెనీ స్క్రీను వెనక యాంప్‌కి ఇచ్చే విడి ఔట్‌పుట్ లేదు, అందుకని స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ చూసుకున్నా. స్క్రీను మార్చమని ఏ షాపులోనైనా అంటారు. మార్చకండి, స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. ఆ డబ్బు స్పీకర్లకు పెట్టండి.

స్పీకర్లు ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ సెట్టు, అంటే సన్నటి శబ్దాలిచ్చే ట్వీటర్ విడిగా, బరువైన శబ్దాలిచ్చే ఊఫర్ విడిగా. ట్వీటర్ పైన అద్దం దగ్గర ఉంటే గొంతు మోకాళ్ల దగ్గర నుంచి కాకుండా ఎదురుగా వస్తుంది. బడ్జెట్ తక్కువైతే కోయాక్సియల్, అంటే రెండూ ఒకదానిలోనే ఉన్నవి తీసుకోండి, అది తప్పేం కాదు. బ్రాండ్ల విషయానికొస్తే జేబీఎల్, పయొనీర్, సోనీ అందరికీ తెలిసినవే, కొంచెం పైకి పోతే ఇటలీ వాళ్ల హెర్ట్జ్, ఇజ్రాయెల్ వాళ్ల మోరెల్, ఫ్రాన్స్ వాళ్ల ఫోకల్ ఉన్నాయి. నేనే మోడల్ తీసుకున్నానో చెప్పడం కన్నా ఏం చూసి తీసుకున్నానో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది. చూసింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాట్లకి ఎంత సౌండ్ వస్తుందనేది. ఎవరూ అడగని అంకె అది. 88 డెసిబెల్ స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తుందో అంత సౌండ్ 91 డెసిబెల్ స్పీకర్ సగం వాట్లతోనే ఇస్తుంది. మూడు డెసిబెల్‌లు తేడా వస్తే యాంప్ పవరు రెట్టింపు చేసినట్టే, అదీ పైసా ఖర్చు లేకుండా. నాది 91ది, ఆర్‌ఎంఎస్ 60 వాట్లు.

ఇక్కడి దాకా నా తెలివితేటలే, చూసుకుని మురిసిపోయా. బిగింపు కూడా ఆ షాపుకే అప్పజెప్పడం నా తెలివితక్కువతనం.

రెండు గంటల్లో బిగించేశారు. ఆ వేగానికే అనుమానం రావాల్సింది. బయటికి వచ్చి పాట పెడితే గొంతు ఖంగుమంటోంది గానీ, డప్పు ఎక్కడికి పోయింది? కంపెనీ స్పీకర్లలో వచ్చిన దరువు కూడా రావడం లేదు. షాపువాడు "కొత్త స్పీకర్లు సార్, నలిగితే బేస్ ఓపెన్ అవుతది, ఒక నెల చూడండి" అన్నాడు. అంతవరకు అన్నా అన్నవాడు డబ్బు చేతిలో పడగానే సార్ అన్నాడు, అది కూడా గమనించలేదు నేను. దానికి తోడు యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ట్వీటర్లలో కుయ్యిమని సన్నటి ఈల, ఇంజిన్‌తో పాటు శ్రుతి పెంచుకుంటూ. ఆ వారమే వాన పడింది. ఎడమ డోర్ ప్యాడ్ కింద నుంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర మ్యాట్ తడిసింది.

మళ్లీ వెళ్తే "ఫిట్టింగ్‌కి వారంటీ లేదు" అన్నారు. నాలుగువేల మూడు వందలు, వైరింగ్ కిట్టూ కూలీ కలిపి, గంగలో పోశా.

ఆఫీసులో ఒకాయన చెప్తే రాణీగంజ్ వైపు ఒక సందులో ఉన్న భాయ్ దగ్గరికి పోయా. బోర్డు లేదు, ఏసీ లేదు, షెడ్డు ముందు రెండు కార్లకే చోటు. ఆయన పాట పెట్టమన్నాడు, బ్యాలెన్స్ మొత్తం ఎడమకి తిప్పాడు. దరువు ఒక్కసారిగా పెరిగింది! ఒక స్పీకర్ ఆపితే బేస్ పెరగడమేమిటి? భాయ్ నవ్వి, "ఒకడు ముందుకు తోస్తుంటే ఇంకోడు ఎనక్కి గుంజుతున్నడు సాబ్" అన్నాడు. ప్యాడ్ విప్పి, పెన్సిల్ సెల్ ఒకటి తీసి స్పీకర్ వైర్లకు తాకించాడు. కుడి పక్క కోన్ (స్పీకర్‌లో ఆడే గిన్నె లాంటి భాగం) ముందుకు వచ్చింది, ఎడమ పక్కది లోపలికి పోయింది. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి కట్టారు. రెండు స్పీకర్లు ఒకదాని గాలిని ఇంకొకటి మింగేస్తున్నాయి, నెల కాదు, పదేళ్లు నలిగినా ఆ బేస్ వచ్చేది కాదు. మీ కారులో కూడా ఇప్పుడే బ్యాలెన్స్ తిప్పి చూసుకోండి, అర నిమిషం పని.

ఈలకి కారణం గ్రౌండు. యాంప్ మైనస్ వైరుని రంగు వేసిన బోల్టు మీదే బిగించారట. భాయ్ రంగు గీకి, తళతళలాడే ఇనుము తేలాక బిగించాడు, ఈల పోయింది. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరు చూసి మాత్రం ఆయన ముఖం మారింది. ఫ్యూజు యాంప్ దగ్గర పెట్టారు. బ్యాటరీ దగ్గర పెట్టాలి, అదీ అడుగున్నర లోపే. ఎందుకంటే ఫ్యూజు కాపాడాల్సింది యాంప్‌ని కాదు, వైరుని. దారిలో ఎక్కడో ఆ వైరు రేకుకి ఒరిసి తెగితే, మధ్యలో ఫ్యూజు లేకపోతే, బ్యాటరీ శక్తంతా ఆ ఒక్కచోట మంటై కూర్చుంటుంది. కారు కాలిపోయే పని. వైరుని బ్లేడుతో గీకి చూపించాడు, పైన రాగి రంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత. కరెంటు మోయడంలో అచ్చమైన రాగిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే దానికి చేతనయ్యేది. మొత్తం తీసేసి రాగి వైరు వేశాం, 3,200.

ఇక రేకుడబ్బా సంగతి. డోరు బయటి రేకుని వేలితో కొట్టి చూపించాడు, ఖాళీ నూనె డబ్బా శబ్దమే. స్పీకర్ కోన్ ఆడినప్పుడల్లా ఆ రేకు కూడా ఆడుతుంది, పైగా కోన్ వెనక గాలి డోరు కన్నాల్లోంచి ముందుకు వచ్చి ముందు గాలిని చెడగొడుతుంది. దానికి మందు డ్యాంపింగ్, బ్యూటిల్ రబ్బరు మీద అల్యూమినియం రేకు అంటించిన షీట్లు. లోపల బయటి రేకుకి కొంత, లోపలి రేకు కన్నాలన్నీ మూసేలా కొంత, రోలర్‌తో నొక్కి నొక్కి అంటించాడు. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం ముట్టుకోలేదు, అవి మూస్తే డోరు తుప్పు పడుతుంది. మొదటి షాపువాళ్లు చింపేసిన ప్లాస్టిక్ షీటు వల్లే నీళ్లు లోపలికి వచ్చాయి, దాన్నీ సరిచేశాడు. ఇదంతా అయ్యాక మళ్లీ వేలితో కొట్టాడు, గోడ మీద కొట్టినట్టు మెత్తగా డబ్ మంది. తలుపు వేస్తే కూడా పెద్ద కారు తలుపు పడ్డట్టు పడుతోంది.

చివర్లో ట్యూనింగ్. గెయిన్ అంటే వాల్యూమ్ కాదని, స్క్రీను నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్ అని నాకు అప్పుడే తెలిసింది. స్క్రీను వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, యాంప్ గెయిన్ మెల్లగా పెంచుతూ గొంతు చెదిరే చోట ఆపి, కొంచెం వెనక్కి తిప్పాడు. 80 హెర్ట్జ్ కింద ఉన్న గుమ్మనే బరువు శబ్దాలన్నీ ఈ స్పీకర్లకు వెళ్లకుండా ఫిల్టర్ పెట్టాడు. చేతకాని బరువు దించేస్తే ఉన్న పని హాయిగా చేస్తాయి, అంతే.

ఫలితం? ఆ మరుసటి వారం విజయవాడ పోతూ పాత పాటలు పెట్టాను. తబలాలో ఎడమ చేతి గుమ్‌కారం, వెనక వయొలిన్ల గుంపు, పాడే ఆమె ఊపిరి తీసుకోవడం, అన్నీ విడివిడిగా. "స" పలికినప్పుడు చెవిలో సూది గుచ్చినట్టు ఉంటే ట్వీటర్ ఎక్కువైనట్టు, నాకు మొదట అలాగే ఉంటే క్రాసోవర్ (ట్వీటర్‌కీ ఊఫర్‌కీ పాటని పంచే చిన్న డబ్బా) మీద ఒక మెట్టు తగ్గించుకున్నా. మా ఆవిడ సూర్యాపేట దాకా ఏమీ అనలేదు, తర్వాత సౌండ్ తనే పెంచింది. ఇంతకన్నా పెద్ద రేటింగ్ నాకు తెలియదు.

ఖర్చు మొత్తం: స్పీకర్లు 9,000, యాంప్ 12,000, మొదటి షాపులో దండగ 4,300, రాగి వైరు 3,200, డ్యాంపింగ్ 5,500, భాయ్ కూలీ 4,000. అంతా కలిపి 38 వేలు. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే ముందు డ్యాంపింగ్, స్పీకర్లు వేయించి ఒక నెల వింటాను, యాంప్ తర్వాత కొంటాను. నిజం చెప్పాలంటే ఆ 5,500 రూపాయల రబ్బరు షీట్లు తెచ్చిన మార్పు 12 వేల యాంప్ తెచ్చినదానికి ఏమాత్రం తీసిపోదు. వెనక డోర్లకి నేను రూపాయి పెట్టలేదు, కంపెనీవే ఉన్నాయి, సౌండ్ ముందుకి జరిపి పెట్టుకున్నా. అడుగు బేస్ కోసం విడిగా పెట్టే సబ్‌ఊఫర్ కూడా వద్దనుకున్నా, వచ్చేటప్పుడు డిక్కీలో అమ్మ ఇచ్చే బియ్యం బస్తా, పచ్చడి జాడీలకు చోటుండాలి కదా. యాంప్‌లో రెండు ఛానెళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎప్పుడైనా బుద్ధి పుడితే వాటిని కలిపి సీటు కింద చిన్న సబ్‌ఊఫర్ పెట్టించుకోవచ్చు.

భాయ్ మీద కూడా ఫిర్యాదులున్నాయి. ఫోన్ ఎత్తడు. సాయంత్రం అయిదుకి ఇస్తానన్న కారు రాత్రి ఎనిమిదిన్నరకి ఇచ్చాడు. బిల్లు అడిగితే కాగితం ముక్క మీద రాసిచ్చాడు. కూర్చోవడానికి పాత కారు సీటు ఒకటే ఉంది, దాని మీద పిల్లి పడుకుని ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసేస్తాడు, అది తెలియక ఒకసారి పోయి తిరిగొచ్చా. పొద్దున్నే పోండి, మంచినీళ్ల సీసా పట్టుకుపోండి, ప్యాడ్ విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. తనే పిలిచి చూపిస్తాడు.