టౌన్‌హాలు నుంచి జగదాంబ దాకా: ఒక ఆదివారపు నడకపై సమీక్ష

విశాఖ పాతనగరంలోని వినోదవీధుల చరిత్రను నడుస్తూ చెబుతామని ఒక బృందం ఆదివారం ఉదయాలలో నిర్వహిస్తున్న కార్యక్రమానికి మనిషికి 300 రూపాయలు రుసుము. ఆ సొమ్ము వృథా కాదు. అయితే నడకలో అసలు సరుకంతా మధ్యభాగంలోనే ఉంది కనుక, మొదటి గంటలో విసుగు పుట్టినా వెనక్కి మళ్లవద్దని ముందుగానే చెప్పవలసి ఉంది.

నడక వన్‌టౌన్‌లోని పాత టౌన్‌హాలు దగ్గర మొదలవుతుంది. సినిమా రాకముందు పట్టణవాసుల కాలక్షేపం ఎలా ఉండేదో చెప్పడానికి బొబ్బిలి రాజావారు కట్టించిన ఈ భవనం కంటే తగిన చోటు లేదు. కాని వ్యాఖ్యాత జమీందారుల వంశావళితోనే చాలాసేపు గడిపారు. పద్యనాటకానికి జనం తెల్లవార్లూ ఎలా కూర్చునేవారో, వన్స్‌మోర్ అని కేకలు పడితే చచ్చిపడిన పాత్రధారి కూడా లేచి పద్యం మళ్లీ ఎందుకు అందుకోవలసి వచ్చేదో చెప్పి ఉంటే వినేవారికి నిద్రమత్తు వదిలేది. కురుపాం మార్కెట్ ద్వారం ముందు ఫొటోలకు కాస్త వ్యవధి ఇచ్చారు. అక్కడ అంతకు మించి ఏమీ జరగలేదు.

మెయిన్‌రోడ్డు మీదికి వచ్చాక వ్యాఖ్యాత దారిలో పడ్డారు. తొలి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, విడుదలైనది 1932లో, విశాఖ రేవు తెరుచుకున్నది 1933లో అని ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూపారు. రేవు పనిలో రోజుకూలి చేతికందిన మనిషికి, మర్నాడు మళ్లీ పనిలోకి పోవలసినవాడికి, రాత్రంతా సాగే నాటకం కంటే నిర్ణీత వేళకు మొదలై నిర్ణీత వేళకు ముగిసే ఆట అనుకూలంగా ఉంటుందన్న ఆయన వాదన నాకు సమంజసంగానే తోచింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయిన సంగతిని కూడా ఇక్కడే, క్లుప్తంగా, బాగా చెప్పారు.

పూర్ణా మార్కెట్ దగ్గర కథ పూర్తిగా మారిపోయింది. పూర్వం థియేటరులో ఆపరేటరుగా పనిచేసిన ఒక పెద్దాయనను నిర్వాహకులు అక్కడికి పిలిపించారు. ఆయన జేబులోంచి రాగిపూత పూసిన కార్బన్ కడ్డీ ఒకటి తీసి అందరి చేతికీ ఇచ్చారు. అటువంటి రెండు కడ్డీలను ఎదురెదురుగా ఉంచి కరెంటు పంపితే మధ్యన పుట్టే వెలుగే తెరమీది బొమ్మ అని, కడ్డీలు కాలి తరిగిపోతుంటాయి కనుక వాటిని అదను చూసి ముందుకు జరుపుతూ ఉండాలని వివరించారు. "కాస్త ఏమరుపాటున ఉన్నామా, బొమ్మ మసకేస్తుందండీ, నేల టికెట్టోళ్లే ముందు ఈలేస్తారు" అన్నారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలలో అయిపోతుంది కనుక రెండేసి రీళ్లు కలిపి అతికేవారనీ, రీలు ముగియవస్తోందనడానికి గుర్తుగా తెర కుడివైపు పైమూలన ఒక్క క్షణం మెరిసే చుక్కను చూసి రెండో ప్రొజెక్టరును అందుకునేవారనీ ఆయన చెప్పిన తరువాత, ఏళ్ల తరబడి సినిమాలు చూసినవారు కూడా ఆ చుక్క సంగతి ఎరగమని ఒప్పుకున్నారు. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునే రోజులలో రీళ్ల పెట్టెలు సైకిల్ మీద ఒకచోటి నుంచి ఇంకొకచోటికి వెళ్లేవి. రెండో హాలులో ఆట ఆ మేరకు ఆలస్యంగా మొదలయ్యేది, దారిలో సైకిల్ పంక్చరైతే ఆటకు ముందు వేసే వార్తాచిత్రం, న్యూస్‌రీలును జనానికి మరోసారి చూసే యోగం పట్టేది.

హాలు చుట్టూ వీధి ఎలా అల్లుకుందో కూడా ఆయన మాటల వల్లనే అర్థమైంది. ఇంటర్వెల్ గంటకు సరిపోయేలా డికాషన్ మరిగించే టీకొట్లు, గోలీసోడాలు, బిళ్లలిచ్చే సైకిల్ స్టాండు, సెకండ్ షో వదిలే వేళకు వరుసకట్టే రిక్షాలు, "నేడే చూడండి" అంటూ మైకు కట్టుకుని పేటపేటా తిరిగి కరపత్రాలు విసిరే ప్రచారబండి, వీటన్నిటికీ హాలు ఆటవేళలే గడియారం. ఇటువంటి మనిషి ఉండగా రాజుల వంశావళి ఎందుకన్నది నా ప్రశ్న.

చివరిభాగం మళ్లీ చప్పబడింది. ఇంగ్లీషు సినిమాలకు పేరుపడిన లీలామహల్ గురించి రెండు మాటలతో సరిపెట్టారు. 1970లో వచ్చిన జగదాంబ థియేటరు దగ్గర మాత్రం "ఆసియాలోనే" అనే మాట పదేపదే వినిపించింది. అటువంటి బిరుదులు తగిలించనక్కరలేదు. మామూలు ఫిల్ముకు రెట్టింపు వెడల్పున్న 70 ఎం.ఎం. బొమ్మ, ఆరు ట్రాకుల ధ్వని ఆనాటి ప్రేక్షకుడికి ఏమి కొత్తదనం ఇచ్చాయో చెబితే చాలు. ఆ హాలు పేరే కూడలికి స్థిరపడి, నేటికీ కండక్టర్ల నోట ఊరంతా మోగుతోంది. చిత్రాలయ థియేటరు స్థానంలో అదే పేరుతో మాల్, అందులో మల్టీప్లెక్స్ వెలసిన వైనాన్ని ప్రస్తావించారు కాని, నడిబొడ్డున స్థలం ధర ఒంటితెర హాలు రాబడిని ఎలా మింగేస్తుందో వివరించలేదు.

లోపాలు సరిదిద్దుకోదగినవే. మార్కెట్ రొదలో మైకు లేకుండా మాట్లాడితే వెనుక వరుసకు వినబడదు. ఇచ్చిన కాగితంలోని పాత ఫొటోలకు తేదీలు లేవు. అన్నిటికీ మించి, సినిమా వీధిని తెల్లవారుజామున, తలుపులు మూసి ఉన్న వేళ చూపించడం ఏమి తెలివో తెలియదు. రద్దీకి భయపడకుండా ఫస్ట్ షో వేళకు మార్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పూర్ణా మార్కెట్ దగ్గర కలుసుకుంటామని ముందుగా ఫోను చేస్తే నిర్వాహకులు కాదనరు, రుసుము మాత్రం తగ్గించరు.