తొమ్మిదేళ్లుగా వాడుతున్న ఫిరంగి

బరంపురంలో పాత పుస్తకాల దుకాణంలో జూల్స్ వెర్న్ 1865 నాటి నవల ‘భూమి నుంచి చంద్రుడికి’ ఇంగ్లీషు ప్రతి కొని తొమ్మిదేళ్లయింది. అట్ట ఊడితే టేపు వేశాం.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అందుకని ఎనిమిదో తరగతి చదువుతున్న మేనల్లుడికి నేనే రోజూ కొంత చదివి తెలుగులో చెప్పాను. మొదటి సగం ఓపికకు పరీక్షే. పెద్ద ఫిరంగితో చంద్రుడి మీదికి గుండు పేల్చాలని, యుద్ధం ముగిసి పనిలేక కూర్చున్న అమెరికా ఫిరంగి నిపుణుల సభలు, చందాలు, తీర్మానాలు! వాడు కునుకు తీశాడు. పిల్లి దగ్గర లేచాడు. ముగ్గురు మనుషుల్ని పంపేముందు ఒక పిల్లినీ ఉడతనూ గుండులో పెట్టి పేల్చి చూస్తారు. మూత తీస్తే పిల్లి క్షేమం. ఉడత లేదు. పిల్లి తినేసింది.

అసలు ఉపయోగం వాడు ప్లస్ టూలో ఉండగా బయటపడింది. ‘పలాయన వేగం సెకనుకు 11.2 కిలోమీటర్లు’ అని, అంటే భూమి ఆకర్షణను దాటిపోవడానికి కావలసిన వేగాన్ని, మొహంలో ఏ కళా లేకుండా వల్లె వేస్తున్నాడు. పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. వెర్న్ గుండు వేగం సెకనుకు 12,000 గజాలు. వాడు లెక్క కట్టాడు: దాదాపు 11 కిలోమీటర్లు.

“మామయ్యా, ఈయనకి అప్పుడే తెలుసా!”

తర్వాత ఫిరంగి పొడవు చూశాడు, 900 అడుగులు. అంత వేగం అందుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతైనా దొరకదు. “లోపలున్న ముగ్గురూ పచ్చడే” అన్నాడు. దెబ్బ తగలకుండా వెర్న్ అడుగున నీళ్లు పోయించాడని చెప్పినా ఒప్పుకోలేదు. ఆ రాత్రి కరెంటు పోయి మేడెక్కాం. మహేంద్రగిరి వైపు చంద్రుడు వస్తున్నాడు. “మరి ఎలా వెళ్లాలి?” అన్నాడు. మార్కులతో పనిలేని ప్రశ్న వాడి నోట విని చాలా రోజులైంది. వెర్న్ తప్పు చేయకపోతే ఆ ప్రశ్న వచ్చేది కాదని నా అనుమానం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు, నవలలో 97 గంటల ప్రయాణానికి మనకు 40 రోజులెందుకని మా అక్క అడిగింది. “ఒక్కసారిగా విసరలేదమ్మా, ఉయ్యాల ఊపినట్టు కొంచెం కొంచెం ఊపారు” అన్నాడు.

లోపాలూ ఉన్నాయి. చెప్పుకోదగ్గ ఆడ పాత్ర ఒక్కటీ లేదు. సంక్షిప్త ప్రతి కొనకండి, లెక్కలు కోసేస్తారు. రెండో భాగం కలిసి ఉన్నదే కొనండి. మొదటిది ఆ ముగ్గురినీ చంద్రుడి దగ్గరే వదిలేస్తుంది. రెండోది దొరికేదాకా మావాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.