రిడక్షనా, లిఫ్టా? రొమ్ముల ఆపరేషన్‌లో ఎవరికి ఏది మేలు

అద్దం ముందు నిలబడి ఒక చిన్న పని చేయండి. బ్రా లేకుండా, రెండు అరచేతులతో రొమ్ములను కింది నుంచి ఎత్తి పట్టుకుని ఒక నిమిషం అలాగే ఉండండి. మెడా భుజాలూ తేలికపడ్డాయా? లేక ఒంట్లో ఏ తేడా తెలియలేదు గానీ, ఆకారం చూసి ‘ఇలా ఉంటే బాగుండు’ అనిపించిందా? మొదటిదైతే మీ బాధ బరువుతో. రెండోదైతే జారడంతో. డాక్టరు చేసే పరీక్షకు ఇది బదులు కాదు. కానీ ఏ ఆపరేషన్ గురించి అడగాలో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటు ఒకటుంది. రొమ్మును చిన్నది చేసే రిడక్షన్ అంటే పెద్ద ఆపరేషన్, జారినదాన్ని పైకెత్తే లిఫ్ట్ అంటే చిన్నది అనుకుని, బరువుతో బాధపడేవాళ్లు కూడా ‘లిఫ్ట్‌తో సరిపెట్టుకుందాం’ అనుకుంటారు. లిఫ్ట్‌లో తీసేది ప్రధానంగా సాగిపోయిన చర్మం. లోపలి కణజాలాన్ని పైకి సర్ది, చనుమొనను పైకి జరిపి, చర్మాన్ని బిగించి కుడతారు. బరువు దాదాపు అలాగే ఉంటుంది. రిడక్షన్‌లో కొవ్వు, పాలగ్రంథుల కణజాలం, మిగులు చర్మం మూడూ తీస్తారు. చనుమొనను మాత్రం సాధారణంగా కోసి వేరుచేయకుండా, దానికి రక్తమూ స్పర్శా అందించే కణజాలాన్ని ఒక కాడలా ఉంచి, ఆ కాడతో పాటే పైకి తెస్తారు. అంటే ఇలా చేసే ప్రతి రిడక్షన్‌లోనూ లిఫ్ట్ కలిసే ఉంటుంది. లిఫ్ట్‌లో మాత్రం రిడక్షన్ ఉండదు. బరువైన రొమ్ములకు లిఫ్ట్ ఒక్కటే చేయిస్తే మెడనొప్పి ఎక్కడికీ పోదు. పైగా ఆ బరువే కుట్టిన చర్మాన్ని మళ్లీ కిందికి లాగుతుంది.

మచ్చల విషయంలోనైనా లిఫ్ట్ మేలేమో అనుకుంటే, అదీ కాదు. రెండింటికీ పెట్టే కోతలు దాదాపు ఒకటే. కొద్దిగా జారినవాళ్లకు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున గుండ్రంగా కోస్తారు. ఇంకాస్త జారితే దానికి కిందికి ఒక నిలువు గీత చేరుతుంది. బాగా జారినా, బాగా పెద్దవైనా రొమ్ము కింది మడత వెంట అడ్డగీత కూడా తప్పదు. చూడటానికి ఓడ లంగరులా ఉంటుంది. రాబర్ట్ వైజ్ అనే సర్జన్ 1956లో ప్రచురించిన నమూనా నుంచి వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. కాబట్టి మచ్చలకు భయపడి రెండింట్లో ఒకటి ఎంచుకోవడంలో అర్థం లేదు. మచ్చలే వద్దనుకునేవాళ్లు రెండింటికీ దూరంగా ఉండాల్సిందే. అవి ఎర్రగా, ఎత్తుగా మొదలై ఏడాది, ఏడాదిన్నరకు పలచబడతాయి గానీ పూర్తిగా మాయం కావు. చెవులు కుట్టించుకున్న చోటో, పాత దెబ్బ దగ్గరో మచ్చ హద్దు దాటి గడ్డలా పెరిగే (కీలాయిడ్) అలవాటు ఒంటికి ఉంటే ఆ మాట సర్జన్‌కు ముందే చెప్పాలి.

రిడక్షన్ ఎవరికి? బ్రా పట్టీలు భుజాల మీద గుంటలు పడేలా దిగిపోతున్నవాళ్లకు, రొమ్ముల కింద చర్మం చెమటకు ఒరిసి పదేపదే పుండు పడుతున్నవాళ్లకు, మెడ, వెన్ను నొప్పి ఏళ్ల తరబడి వదలనివాళ్లకు, పరుగెత్తడం మానేసినవాళ్లకు. అలాంటివాళ్ల విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు. అందం కోసం చేసే ఆపరేషన్ల లెక్కలో వేస్తారు గానీ, ఇది నిజానికి నొప్పికి వైద్యం. చేయించుకున్నవాళ్లలో తృప్తి బాగా ఎక్కువగా కనిపించే ప్లాస్టిక్ సర్జరీల్లో ఇదొకటి. బీమా సంస్థలు కొన్నిచోట్ల దీన్ని వైద్య అవసరంగా ఒప్పుకుంటాయి, లిఫ్ట్‌ను సాధారణంగా ఒప్పుకోవు. అయితే వాటి లెక్క వేరు. ఒంటి పరిమాణాన్ని బట్టి ఒక్కో రొమ్ము నుంచి ఇన్ని గ్రాములు తీస్తేనే అవసరం కింద లెక్క అని కొన్ని సంస్థలు పట్టిక చూస్తాయి. 1991లో వచ్చిన ష్నర్ పట్టిక అలా వాడే వాటిలో ఒకటి. తీసిన గ్రాములకూ తగ్గిన నొప్పికీ సూటి సంబంధం లేదని తర్వాతి అధ్యయనాల్లో తేలినా పట్టికలు మాత్రం పోలేదు. ఒరుపులకు వాడిన మందులు, నొప్పికి చేయించుకున్న ఫిజియోథెరపీ, ఈ చీటీలన్నీ దాచిపెట్టుకుంటే అక్కడ పనికొస్తాయి.

లిఫ్ట్ కథ వేరు. పరిమాణం సరిపోతుంది, బరువు బాధ లేదు, చనుమొన మాత్రం కిందికి దిగింది అనేవాళ్లకు అది. ఎంత దిగిందో చూడటానికి సర్జన్లు 1976 నాటి రెన్యో వర్గీకరణను వాడతారు. చనుమొన రొమ్ము కింది మడతకు సమానంగా ఉంటే మొదటి స్థాయి. మడత కన్నా దిగువకు వచ్చినా రొమ్ము అడుగు భాగం కన్నా పైనే ఉంటే రెండోది. అడుగుకు చేరి నేలవైపు చూస్తుంటే మూడోది. చనుమొన మడతకు పైనే ఉండి, కింది కణజాలం మాత్రమే వేలాడితే అది చూడటానికి జారినట్టు కనిపించడమే గానీ నిజమైన జారడం కాదు, దాని చికిత్సా వేరు. పక్కనుంచి అద్దంలో చూసుకుంటే మీకే తెలుస్తుంది.

లిఫ్ట్ చేయించుకున్నవాళ్లలో నిరాశ వచ్చేది ఎక్కువగా ఒకేచోట. కాన్పుల తర్వాతో, బాగా బరువు తగ్గాకో రొమ్ము పైభాగం ఖాళీ సంచిలా అవుతుంది. లిఫ్ట్ ఆ ఖాళీని నింపదు. ఉన్నదాన్ని దగ్గరకు చేరుస్తుంది, అంతే. బ్రాలో చూసుకుంటే రొమ్ములు మునుపటికన్నా చిన్నవైనట్టు అనిపించవచ్చు కూడా. నిండుదనం కావాలంటే ఇంప్లాంట్ (రొమ్ము లోపల అమర్చే కృత్రిమ సంచి) పెట్టాలి, లేదా ఒంట్లో మరోచోటి కొవ్వు తీసి ఎక్కించాలి. నన్నడిగితే, ఇంప్లాంట్‌తో కలిపి లిఫ్ట్ అనే మాట వినగానే ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఒకవైపు చర్మాన్ని బిగిస్తూ, ఇంకోవైపు లోపల బరువు పెట్టి సాగదీయడం అది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చడమో తీయడమో వస్తుంది. గరుకు ఉపరితలం ఉన్న కొన్ని ఇంప్లాంట్లను, అరుదైన ఒక లింఫోమా (ఒక రకం క్యాన్సర్) ముప్పు వల్ల, 2019లో అంతర్జాతీయంగా వెనక్కి తీసుకున్నారు.

గొట్టంతో కొవ్వును పీల్చేసే లైపోసక్షన్ ఒక్కదానితోనే తగ్గించే మార్గమూ ఉంది. చిన్న రంధ్రాలే కాబట్టి మచ్చల బెడద తక్కువ. కానీ రొమ్ములో ఎక్కువ భాగం కొవ్వే అయి, చర్మంలో బిగువు బాగా ఉన్నవాళ్లకే అది నప్పుతుంది. గ్రంథుల కణజాలాన్ని అది పెద్దగా తీయలేదు, చనుమొనను పైకి తేదు.

ఆపరేషన్ లేకుండా అంటారా? సరైన కొలత బ్రా, వీపు కండరాలకు వ్యాయామం కొందరికి నిజంగానే చాలు, ముందు అవే ప్రయత్నించాలి. ఛాతీ వ్యాయామాలతో రొమ్ములు పైకి లేస్తాయన్నది మాత్రం నమ్మకండి. రొమ్ములో కండరం లేదు, అది దాని కింద ఉంటుంది. క్రీములు అసలే వద్దు.

ఇక అందరూ అడగడానికి మొహమాటపడే సంగతి, చనుమొన స్పర్శ. రెండు ఆపరేషన్లలోనూ అది తగ్గవచ్చు, కొందరికి తిరిగి రాకపోవచ్చు. రిడక్షన్‌లో ఆ అవకాశం ఎక్కువ. పాలివ్వడం కూడా అంతే. కాడను కాపాడే పద్ధతిలో చాలామంది ఇవ్వగలుగుతారు గానీ, సరిపోయినన్ని పాలు వస్తాయని ఎవరూ మాట ఇవ్వలేరు. రొమ్ములు మరీ పెద్దవైనప్పుడు చనుమొనను పూర్తిగా తీసి అతికించాల్సి వస్తే ఆ రొమ్ముతో పాలివ్వడం ఉండదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు నా అభిప్రాయం ఇది: లిఫ్ట్ అయితే ఆగండి, గర్భం మళ్లీ ఆకారం మార్చేస్తుంది. రిడక్షన్ అయితే నొప్పి రోజూ బతుకు పాడుచేస్తున్నప్పుడు అన్నేళ్లు ఆగమనడం అన్యాయం, పాల విషయం తెలిసి నిర్ణయించుకోవచ్చు. పాలు మాన్పించాక కనీసం ఆరు నెలల గడువు ఇవ్వాలి. ఒంటి బరువు కూడా నిలకడగా ఉండాలి.

సిగరెట్ అలవాటుంటే ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలైనా, తర్వాత గాయాలు మానే వరకూ పూర్తిగా ఆపాలి. నికోటిన్ వల్ల సన్నని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. పైకి జరిపిన చనుమొనకు రక్తం అందకపోతే అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఈ విషయంలో డాక్టరుకు అబద్ధం చెప్పేవాళ్లు తమకే కీడు చేసుకుంటారు. మిగతా ముప్పుల్లో తరచూ ఎదురయ్యేది కుట్లు మూడు కలిసేచోట గాయం విచ్చుకోవడం. చాలావరకు కట్లతోనే మానుతుంది గానీ వారాలు పడుతుంది. రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, రెండువైపులా కొంచెం తేడా, ఇవి రెండు ఆపరేషన్లకూ ఉన్నవే. కోలుకోవడంలోనూ పెద్ద తేడా లేదు. కూర్చుని చేసే పనికి ఒకటి రెండు వారాల్లో, బరువులెత్తడానికి, ఎత్తుకోమని చేతులు చాచే పసివాడిని ఎత్తుకోవడానికి ఆరు వారాల వరకు. అసలు ఆకారం తేలడానికి ఆరు నెలలు. నలభై దాటినవాళ్లకు ముందుగా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయిస్తారు. రిడక్షన్‌లో తీసిన కణజాలాన్ని ల్యాబ్‌కు పంపుతారా అని అడిగి పెట్టుకోండి.

‘ఏ కప్పు సైజు కావాలి’ అన్న ప్రశ్నకు అక్షరం చెప్పి ఊరుకోవద్దు, ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది. ఎలాంటి బట్టలు వేసుకోవాలనుకుంటున్నారో, ఏ పని హాయిగా చేయాలనుకుంటున్నారో చెప్పండి. ఆపరేషన్ ఉదయం సర్జన్ మిమ్మల్ని నిలబెట్టి మార్కర్‌తో గీతలు గీస్తారు, పడుకుంటే రొమ్ములు పక్కకు జారి కొలతలు మారిపోతాయి కాబట్టి. చనుమొన కొత్త చోటు, తీసే భాగం, కోతల దారి, అన్నీ ఆ గీతల్లోనే ఉంటాయి. మత్తు ఇవ్వకముందే అద్దం ఒకటి తెప్పించుకుని చూడండి, ఏ గీత ఎందుకో అడగండి.