చెయ్యి పట్టుకోని బొమ్మల తరగతి: నాలుగేళ్ళ అనుభవం

మా వాడికి ఇప్పుడు 21 ఏళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, వచ్చినా ఎక్కువగా రైల్వే స్టేషన్ల పేర్లే. వాడి 17వ ఏట నుంచి ప్రతి శనివారం సికింద్రాబాద్‌లో ఒక ఇంటి రెండో అంతస్తులో జరిగే బొమ్మల తరగతికి తీసుకెళుతున్నాను. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం, కుదురుండకపోవడం), డౌన్ సిండ్రోమ్, డిస్‌లెక్సియా లాంటివి ఉండి 14 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం నడిచే తరగతి అది. పై వయసుకు హద్దు లేదు. ఇప్పుడు వస్తున్నవాళ్ళలో పెద్దాయనకు 43. నాలుగేళ్ళు తిరిగాక రాస్తున్నాను కాబట్టి కొత్తలో ఉండే మురిపెం ఇందులో లేదు.

ఇక్కడి సంగతి అర్థం కావాలంటే అంతకు ముందు జరిగింది చెప్పాలి. వాడికి పదేళ్ళప్పుడు మామూలు డ్రాయింగ్ క్లాసులో చేర్చాం. నెలకు నాలుగు బొమ్మలు ఇంటికొచ్చేవి. మామిడిపండు, చిలక, గుడిసె, రెండు కొండల మధ్య సూర్యుడు. గోడకు అంటించి, చుట్టాలొస్తే చూపించేదాన్ని. ఒకరోజు ముందుగా వెళ్ళి కిటికీలోంచి చూస్తే, మాస్టారు వాడి చెయ్యి తన చేతిలో బిగించి పట్టుకుని గీయిస్తున్నారు. వాడు తల పక్కకు తిప్పి ఫ్యాను చూస్తున్నాడు. రెండేళ్ళుగా మా గోడ మీదున్న బొమ్మల్లో వాడి గీత ఒక్కటీ లేదన్నమాట. ఆయన్ని ఏమీ అనలేకపోయాను. నెలాఖరుకు ఇంటికి ఏదో ఒకటి రావాలని అడిగింది మేమే.

అందుకే ఈ తరగతిలో మొదటి రోజు టీచర్ అన్న మాట ఇంకా గుర్తుంది. "అమ్మా, ఇక్కడ ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోరు. కావాలంటే పక్కన కూర్చుని మా కాగితం మీద మేం గీసి చూపిస్తాం. బాబు రెండు గంటలూ ఏమీ చెయ్యకుండా కూర్చున్నా మాకు పర్వాలేదు. మీరు మాత్రం బయట కూర్చోవాలి." వాడు పదకొండు వారాలు కాగితం ముట్టుకోలేదు. రంగుల సీసాలు వరసగా పేర్చడం, కుళాయి కింద బ్రష్ పెట్టి నీళ్ళు రంగు మారడం చూడటం, అంతే. నాకు బయట ఒకటే టెన్షన్. నెలకు 2,000 రూపాయలు కట్టి కుళాయి చూపించడానికి తీసుకొస్తున్నానా అనిపించేది. మా అత్తగారు ఆ మాట పైకే అన్నారు.

పన్నెండో వారం పసుపు రంగుతో ఒక పొడవాటి డబ్బా గీశాడు. ఆ తర్వాతి శనివారం దాని మీద నల్లగా అక్షరాలు. లింగంపల్లి. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ స్టేషన్ బోర్డు అది. ఆ పైన చందానగర్, హఫీజ్‌పేట, అలా రైలు ఆగే వరసలోనే ఒక్కొక్కటీ వచ్చాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిషుతో పాటు వాడికి చదవడం రాని ఉర్దూ అక్షరాలు కూడా చూసినవి చూసినట్టు వేశాడు. పసుపు సీసా తొందరగా అయిపోతుంటే టీచర్లు "ఇంకో రంగు వాడు నాన్నా" అనలేదు. ఒక సీసా ఎక్కువ తెప్పించి, మూత మీద వాడి పేరు రాసిపెట్టారు. నాలుగేళ్ళలో వాడు గీసినవి లెక్కపెడితే అరవై దాటవు. ప్రతి గీతా వాడిదే.

తరగతి నడిచే తీరు గురించి చెప్తాను, ఇలాంటిది వెతుక్కునేవాళ్ళకు ఇదే ముఖ్యం. గోడ మీద ఆరు బొమ్మల కార్డులు వరసగా ఉంటాయి: చెప్పులు విప్పడం, చోటు ఎంచుకోవడం, పని, బిస్కెట్లు, మళ్ళీ పని, కడుక్కోవడం. ఒక్కోటి అయ్యాక ఎవరి కార్డు వాళ్ళు తిప్పుకుంటారు. గంట కొట్టరు, ఇసుక గడియారం పెడతారు. మొదట్లో ఉన్న ట్యూబ్‌లైట్ సన్నగా జుయ్యిమనేది. నాకు వినపడేది కాదు గానీ ఇద్దరు పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు. లైట్లు మార్చారు. మూలన తెర వెనక ఒక చాప, రెండు దిండ్లు ఉంటాయి. ఎవరికైనా ఎక్కువైపోతే అక్కడికి వెళ్తారు. వెళ్ళినవాళ్ళను రమ్మని పిలవరు. వేళ్ళలో పట్టు లేనివాళ్ళకు బ్రష్ కాడకు స్పాంజి చుట్టి ఇస్తారు. జిగురు చేతికంటితే పడనివాళ్ళకు గ్లవ్స్ ఉంటాయి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వచ్చినవాళ్ళను చూసి ఎవరికేం కావాలో పట్టించుకున్నారు, అంతే.

కలంకారీ వారాలు ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ పుల్లటి వాసన తలుపు దగ్గరే గుప్పుమంది. మా వాడు మెట్ల మీదే కూర్చుండిపోయాడు, ఇంకో నలుగురు లోపలికెళ్ళి తిరిగొచ్చారు. అయినా టీచర్లు దాన్ని వదిలెయ్యలేదు. రెండు వారాలు డాబా మీద ఎండలో వేలాడదీసిన బట్ట తెచ్చి, రంగు గిన్నెలు కిటికీ అవతల వసారాలో పెట్టారు. ఇష్టమైనవాళ్ళు అక్కడికెళ్ళి ముంచుకోవచ్చు. కలం అంటే మొన తీసిన వెదురుపుల్లకు కాస్త పైన గుడ్డ చుట్టి, దారంతో బిగించి కట్టింది. ఆ గుడ్డ రంగు పీల్చుకుంటుంది, నొక్కితే మొనకు దిగుతుంది. బ్రష్ ఇస్తే కుచ్చంతా నలిపేసే అబ్బాయి ఒకడున్నాడు, పట్టు అంత గట్టిది. ఈ కలం అతని చేతికి సరిగ్గా కుదిరింది. అందరూ తప్పనుకున్న ఆ నొక్కుడే ఇక్కడ గీత గీయడానికి పనికొచ్చింది. ఆ రోజు వాళ్ళమ్మ వసారాలో నా పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

సంక్రాంతి నెలలో చుక్కల ముగ్గులు. నా దృష్టిలో ఏడాది మొత్తంలో అందరికీ బాగా నప్పేది ఇదే. పదిహేను చుక్కలు, మధ్య చుక్క, ఎనిమిది వరకు అంటే ఇక అందులో అనుమానానికి చోటుండదు. చుక్కలు పెట్టడమే ఇష్టమైనవాళ్ళు చుక్కలు పెడతారు, గీతలు కలిపేవాళ్ళు గీతలు కలుపుతారు. 43 ఏళ్ళ ఆయన మాట్లాడరు, ట్యాబ్ మీద టైపు చేస్తారు. ఎవరైనా ఒక చుక్క తప్పు పెడితే దూరం నుంచే కనిపెట్టి, వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. ఆయన్ని ఇక్కడ అందరూ "అన్నా" అంటారు. బయట ఈ వయసులో కూడా ఆయన్ని "బాబూ, చిన్నా" అనడం విన్నాను. వినడానికి చాలా బాధేసింది.

ఇంకో మంచి విషయం, వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ అడగరు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం పేరు లేదు. 2016 చట్టం 21 రకాలను గుర్తించి ఆటిజాన్ని చేర్చింది గానీ ఏడీహెచ్‌డీ విడిగా ఇప్పటికీ ఆ జాబితాలో లేదు. మాతో వచ్చే ఒక అమ్మాయిది అదే పరిస్థితి. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అన్న చోటల్లా ఆ అమ్మాయి వెనక్కి రావాల్సిందే. అదే 2016 చట్టం 29వ సెక్షన్‌లో, కళల కోర్సులను వికలాంగులు పాల్గొనగలిగేలా మార్చాలని ఉంది. ఆ మార్పు కంటితో చూసింది నేను ఈ రెండు గదుల్లోనే.

లోపాలున్నాయి. మొదటిది, రెండో అంతస్తు. లిఫ్ట్ ఉంది, జనరేటర్ లేదు. కరెంటు పోయిన రోజు వీల్‌చైర్‌లో వచ్చే అబ్బాయి కింద నుంచే ఇంటికి వెళ్ళిపోయాడు. అందరికీ తలుపులు తెరిచామనే చోట ఇది చిన్న విషయం కాదు. మూడేళ్ళుగా అడుగుతున్నాం.

రెండోది, రెండో ఏడాది మా వాడికి అలవాటైన టీచర్ ముందు చెప్పకుండా మానేశారు. మూడు వారాలు మా వాడు గేటు దాటలేదు. అప్పుడు గట్టిగానే మాట్లాడాను. ఇప్పుడు ఎవరు సెలవు పెట్టినా, ఎవరు కొత్తగా వచ్చినా ముందు వారమే ఫొటో పంపుతున్నారు.

మూడోది ఒక ప్రదర్శన. ఒక కంపెనీ వాలంటీర్లు వచ్చి ఏర్పాట్లు చేశారు. "వీళ్ళు కూడా గీయగలరు" అని పెద్ద బ్యానర్ కట్టారు, ప్రతి బొమ్మకూ చప్పట్లు కొట్టారు. సగం మంది చెవులు మూసుకుని గోడ వైపు తిరిగారు. మనసు మంచిదే కావచ్చు, కానీ ఆ "కూడా" నాకు గుచ్చుకుంది. నేను, ఇంకో ముగ్గురు తల్లిదండ్రులం చెప్పాక ఆ మరుసటి ఏడాది బ్యానర్ లేదు. బొమ్మ కింద గీసినవాళ్ళ పేరు, వాడిన రంగు, అంతే. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడించారు.

డబ్బు సంగతి. ఇప్పుడు నెలకు 2,500. సామాన్లు వాళ్ళవే. కట్టలేనివాళ్ళు చెప్తే తగ్గిస్తారు, ఎవరికి తగ్గించారో పక్కవాళ్ళకు తెలియనివ్వరు. మాకు ఆటో ఖర్చే ఫీజులో సగం.

మాటలు వస్తాయనో, కోపం తగ్గుతుందనో ఆశపడి చేరేవాళ్ళకు ఒక్క మాట. ఇది థెరపీ కాదు, వాళ్ళూ అలా చెప్పుకోరు. మా వాడి మాటలు ఏమీ పెరగలేదు. శుక్రవారం రాత్రి తన సంచిలో బిస్కెట్ డబ్బా, పాత చొక్కా తనే సర్దుకుంటాడు. బడి అయిపోయిన తర్వాత, 18 దాటాక, వాడు తనంతట తను సిద్ధమై వెళ్ళే చోటు ఇదొక్కటే.

మీ ఊళ్ళో ఇలాంటి తరగతి ఉంటే చేర్చేముందు ఒక రోజు వెళ్ళి, ఏమీ చెయ్యకుండా కూర్చున్న మనిషితో టీచర్ ఎలా ఉంటున్నారో చూడండి. నేనైతే ఫీజు కన్నా, గోడ మీది బొమ్మల కన్నా ముందు అదే చూస్తాను.

మా వాడు ఇప్పుడు బేగంపేట దాటాడు. సికింద్రాబాద్ ఇంకా మూడు స్టేషన్ల దూరం.