అజేలియాకి యాసిడ్ ఎరువు: కొనండి, కానీ ముందు ఆకు తిప్పి చూడండి

అజేలియా, కెమెలియా లాంటి యాసిడ్ నేల కోరే మొక్కల కోసం అమ్ముతారే, నీళ్లలో కలిపి పోసే పొడి ఎరువు, దాని గురించి ఈ రివ్యూ. కుండీల్లో ఉన్నవాటికీ నేలలో ఉన్న పొదకీ రెండిటికీ వాడాను. సరుకు మంచిదే, మళ్లీ కొంటాను కూడా. నాకు కోపం తెప్పించింది ప్యాకెట్ మీద ఆకులు పసుపెక్కితే ఇదే మందు అన్నట్టు పెద్దక్షరాల్లో రాయడం, ఎందుకంటే అజేలియా ఆకు పసుపెక్కడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇది బాగా పనిచేసేది అందులో ముఖ్యంగా ఒక్కదానికే.

ఆ ఒక్కటి ఏమిటంటే ఐరన్ అందకపోవడం. అజేలియాకి నేల పీహెచ్ (యాసిడ్ గుణాన్ని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత యాసిడ్) సుమారు 4.5 నుంచి 6 మధ్య ఉండాలి. అది పెరిగితే మట్టిలో ఐరన్ ఉన్నా వేళ్లు తీసుకోలేవు, కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సరిగ్గా ఈ లక్షణం ఉన్న కుండీలో ఫలితం బాగా కనిపించింది, తర్వాత వచ్చిన చిగురంతా పచ్చగా వచ్చింది. పాత ఆకుల్లో పెద్దగా మార్పు లేదు, కాబట్టి వాటిని చూసి టెన్షన్ పడి ఇంకో డోసు పోయకండి. ఇందులో నత్రజని ఎక్కువగా అమ్మోనియం, యూరియా రూపంలో ఉండటం నాకు బాగా నచ్చింది, ఈ మొక్కలకి నైట్రేట్ కంటే అదే నయం, పైగా అది మట్టిని మెల్లగా యాసిడ్ వైపు జరుపుతుంది.

నేలలో ఉన్న పొద దగ్గర మాత్రం అంత తేడా రాలేదు. లేబుల్ చదివితే కారణం అర్థమైంది, ఇందులో ఉన్నది ఈడీటీఏ ఐరన్, అంటే వేళ్లకి అందేలా ఈడీటీఏ అనే రసాయనంతో పట్టి ఉంచిన ఐరన్, పీహెచ్ 6.5 దాటిన మట్టిలో అది నిలవదు. అలాంటి చోట అంతకంటే గట్టిగా పట్టి ఉంచే ఈడీడీహెచ్ఏ రకం ఐరన్ విడిగా వేసుకోవాలి, పీహెచ్ దించడానికి గంధకం కలపాలి. గంధకం నెలల తరబడి టైం తీసుకుంటుంది, ఓపిక పట్టాలి. హైడ్రాంజియా పూలు నీలంగా రావడానికి వేసే అల్యూమినియం సల్ఫేట్ ఉంది కదా, దాన్ని మాత్రం దీనికి వేయొద్దు, అల్యూమినియం ఎక్కువైతే అజేలియా వేళ్లు దెబ్బతింటాయి. రోజూ పోసేవి సున్నం ఉన్న గట్టి నీళ్లయితే ఎరువు చేసే పనిని ఆ నీళ్లే చెడగొడతాయి, వాన నీళ్లు దొరికితే అవే పోయండి.

ఇక ఇది పనిచేయని చోట్లు. ఆకు పైన సన్నటి తెల్లచుక్కలు, తిప్పి చూస్తే అడుగున నల్లటి జిగురు మరకలు ఉంటే అది లేస్ బగ్ అనే రసం పీల్చే పురుగు. ఎండ ఎక్కువ తగిలే మొక్కల్ని ఎక్కువగా పడుతుంది. ఆకు అడుగు భాగం తడిసేలా నీళ్లు గట్టిగా కొట్టి, తర్వాత సబ్బు ద్రావణం కొట్టండి. మట్టి తడిగానే ఉండి మొక్క వాడిపోతుంటే వేరుకుళ్లు అని అనుమానించాలి, అక్కడ ఎరువు పోయడమంటే చావు దెబ్బ కొట్టడమే, ముందు నీళ్లు నిలవకుండా చూడండి. పూలు రావడం లేదని దీన్ని కొనేవాళ్లకి ఒక మాట: పూలు రాలిన వెంటనే కాకుండా ఆలస్యంగా కత్తిరిస్తే వచ్చే ఏడాది మొగ్గలే తెగిపోతాయి, నత్రజని ఎక్కువైతే ఆకులే గుబురుగా వస్తాయి, ఈ రెండిటికీ ఇందులో విరుగుడు లేదు.

డోసు విషయంలో ప్యాకెట్ చెప్పిన దాంట్లో సగమే వాడమంటాను. అజేలియా వేళ్లు జుట్టులా సన్నగా, మట్టి పైపొరలోనే ఉంటాయి, ఎండిన మట్టిలో చిక్కటి ద్రావణం పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. ముందు మామూలు నీళ్లు పోసి, తర్వాత ఇది. పూలు అయిపోయాక మొదలుపెట్టి, చలి మొదలవడానికి చాలా ముందే ఆపేయండి. వేళ్లు పైనే ఉంటాయి కాబట్టి మొక్క మొదట్లో మట్టి తవ్వి కలపడం లాంటివి వద్దు, పైన్ చెట్టు బెరడో, సూదుల్లాంటి దాని ఎండుటాకులో పరిచి వదిలేస్తే చాలు.

ప్యాకింగ్‌కి మాత్రం మార్కులు తక్కువే ఇస్తాను, కవర్ మళ్లీ మూసే వీలు లేదు, తేమ తగిలితే పొడి రాయిలా గడ్డకడుతోంది. తెరిచిన వెంటనే గట్టి మూత ఉన్న డబ్బాలోకి మార్చి లేబుల్ కత్తిరించి దానికే అతికించండి.