కొబ్బరి నూనెనా, మినాక్సిడిలా?

ఒంగోలులో జుట్టు రాలుతోందంటే మొదట బోరు నీళ్లనే తిడతాం. తర్వాత ఇదే ప్రశ్న: కొబ్బరి నూనె రాయాలా, జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ వాడాలా?

పనిచేసే చోటు: నూనె వెంట్రుక మీద. వెంట్రుక అంటే మృతకణాల పోగు. నూనె దాన్ని చిట్లకుండా కాస్తుంది, పెంచదు. మినాక్సిడిల్ కుదురు మీద, అంటే చర్మంలో వెంట్రుక మొలిచే గుంట మీద. ఎదిగే దశలో కుదురు చర్మం కింది కొవ్వు పొర దాకా దిగుతుంది, చుట్టూ సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. ఈ దశ 2 నుంచి 6 ఏళ్లు. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుని పైకొచ్చి, సుమారు 3 నెలలు విశ్రాంతి. మందు ఆ విశ్రాంతిని కుదించి మళ్లీ ఎదుగుదలకు తోస్తుంది. అందుకే మొదటి వారాల్లో పాత వెంట్రుకలు ఎక్కువ రాలతాయి. చాలామంది టెన్షన్ పడి మానేసేది అక్కడే!

ఖర్చు: నూనె ఎలాగూ ఇంట్లో ఉండేదే. మందు మగవాళ్లకు రోజుకు రెండుసార్లు ఒక్కో మి.లీ., అంటే నెలకు 60 మి.లీ. సీసా.

శ్రమ: నూనె వారానికోసారి చాలు. మందు రోజూ రాయాల్సిందే, మానితే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది.

రిస్క్: నూనెతో చుండ్రు పెరగొచ్చు. మందుతో దురద; గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

చివర్లు చిట్లి పొడిబారితే నూనె. నడినెత్తి పలచబడుతుంటే డాక్టరును అడిగి మందు. జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు రాలుతుంటే రెండూ అక్కర్లేదు, చాలామందికి అదే సర్దుకుంటుంది.