స్టేటస్, ఇంటరప్ట్ రిజిస్టర్లు: ఓహెచ్‌సీఐ, ఈహెచ్‌సీఐ, ఎక్స్‌హెచ్‌సీఐలలో ఏది మేలు?

యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ (కంప్యూటర్‌లో యూఎస్‌బీ పోర్టులను నడిపే హార్డ్‌వేర్) నుంచి ఇంటరప్ట్, అంటే ఏదో జరిగిందని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం, వచ్చిన క్షణంలో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ తెలుసుకోవలసినవి రెండు: ఏ రకం సంఘటన జరిగింది, అది ఏ ట్రాన్స్‌ఫర్‌కు సంబంధించినది. మొదటిదానికి ఓహెచ్‌సీఐ, ఈహెచ్‌సీఐ, ఎక్స్‌హెచ్‌సీఐ అనే మూడు కంట్రోలర్ ప్రమాణాలూ స్టేటస్ రిజిస్టర్ (ఏం జరిగిందో ఒక్కో బిట్‌తో చూపే, కంట్రోలర్‌లోని చిన్న నిల్వ స్థానం) ద్వారా ఇంచుమించు ఒకే తీరున జవాబు చెబుతాయి. రెండోదానికి చెప్పే జవాబులోనే వాటి మధ్య ఎంతో ఎడం ఉంది, ఏది మేలో తేల్చవలసిందీ అక్కడే. తొలినాళ్ల మరో ప్రమాణమైన యూహెచ్‌సీఐని ఈ పోలికలోకి తేవడం లేదు. దాని స్టేటస్ బిట్ల వరుసకూ, ఏ సంఘటనకు ఇంటరప్ట్ రావాలో నిర్ణయించే ఇంటరప్ట్ ఎనేబుల్ బిట్ల వరుసకూ పొంతన లేదు. పరికరాన్ని పెట్టినా తీసినా ఇంటరప్ట్ రాదు కనుక పోర్టులను డ్రైవరే పదేపదే చూసుకోవాలి.

చదవడానికి అన్నిటికన్నా తేలికైనది 2002లో వచ్చిన ఈహెచ్‌సీఐ. ఆపరేషనల్ రిజిస్టర్ల మొదలు నుంచి హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) 04 దగ్గర స్టేటస్, 08 దగ్గర ఇంటరప్ట్ ఎనేబుల్ ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ ముగింపు, లోపం, పోర్టు మార్పు, ఫ్రేమ్ లిస్ట్ (నిర్ణీత వేళల్లో చేసే పనుల పట్టిక) మళ్లీ మొదటికి రావడం, సిస్టమ్ ఎర్రర్, తీసేసిన క్యూను కంట్రోలర్ వదిలేసిందని తెలిపే అసింక్ అడ్వాన్స్ అనే ఆరు సంఘటనలు 0 నుంచి 5 వరకు బిట్లలో రెండుచోట్లా ఒకే క్రమంలో ఉన్నాయి కాబట్టి, ఒకదాన్ని మరోదానితో యాండ్ చేస్తే, అంటే రెండుచోట్లా 1 ఉన్న బిట్లనే ఉంచితే, పట్టించుకోవలసినవి మాత్రమే మిగులుతాయి. ఈ బిట్లు 1 రాస్తే చెరుగుతాయి, 0 రాస్తే అలాగే ఉంటాయి. స్టేటస్ చదివితే హెక్స్ 05 వచ్చిందనుకుందాం: ఒక ట్రాన్స్‌ఫర్ ముగిసింది, ఒక పోర్టు మారింది. మనం అదే 05ను తిరిగి రాసేలోపు లోపాన్ని తెలిపే బిట్ 1 వెలిగినా దానికి నష్టం లేదు. అన్నీ ఒకేసారి చెరిపేద్దామని 3ఎఫ్ రాస్తే మాత్రం మనం చూడనైనా చూడని ఆ లోపం జాడ లేకుండా పోతుంది.

ఈహెచ్‌సీఐ బలహీనత ఆ తర్వాతి అడుగులో బయటపడుతుంది. బిట్ 0 వెలిగిందంటే ఏదో ఒక ట్రాన్స్‌ఫర్ ముగిసిందని మాత్రమే అర్థం. ఏది ముగిసిందో ఏ రిజిస్టరూ చెప్పదు. డ్రైవర్ తాను పెట్టిన క్యూలన్నిటినీ మెమరీలో వెతకాలి. అదీ ముందు బిట్‌ను చెరిపి, ఆ తర్వాతే వెతకాలి. ముందు వెతికి తర్వాత చెరిపితే, ఆ రెంటి నడుమ ముగిసిన ట్రాన్స్‌ఫర్ తాలూకు సూచన కూడా చెరిగిపోతుంది, మరో ఇంటరప్ట్ వచ్చేదాకా దాని ఊసే తెలియదు.

ఓహెచ్‌సీఐలో ఈ క్రమం తలకిందులవుతుంది. ముగిసిన ట్రాన్స్‌ఫర్ డిస్క్రిప్టర్లను (ఒక్కో ట్రాన్స్‌ఫర్ వివరాలు ఉండే మెమరీ రికార్డులను) కంట్రోలరే ఒక గొలుసుగా కూర్చి, దాని తలను హెచ్‌సీసీఏ అనే ఉమ్మడి మెమరీలో రాసి, స్టేటస్‌లో బిట్ 1 వెలిగిస్తుంది. ఆ బిట్ చెరిగేవరకు కొత్త తలను రాయదు. అందువల్ల ముందు తలను తీసుకుని, ఆ తర్వాతే బిట్‌ను చెరపాలి. తొందరపడి ముందే చెరిపితే పాత గొలుసు మీద కొత్తది పడవచ్చు. గొలుసులో చివరగా ముగిసినది ముందు ఉంటుంది గనుక దాన్ని తిరగేసుకోవాలి. ఇంతచేసినా, క్యూలన్నీ గాలించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. దీనిలో నాకు మరీ నచ్చినది, ఎనేబుల్‌కు హెక్స్ 10 దగ్గర ఒక రిజిస్టర్, డిసేబుల్‌కు హెక్స్ 14 దగ్గర ఇంకొక రిజిస్టర్ ఉండడం. 1 రాసిన బిట్ మాత్రమే మారుతుంది, మిగతావాటి జోలికి పోదు. చదివి, మార్చి, తిరిగి రాసే పని లేదు కాబట్టి రెండు ప్రాసెసర్లు ఒకేసారి మాస్క్ (ఏ ఇంటరప్ట్‌లు రావాలో చెప్పే బిట్ల అమరిక) మార్చినా ఒకదాని మార్పును మరొకటి తుడిచేయదు. ఈహెచ్‌సీఐలో అదే పనికి లాక్, అంటే ఒకసారికి ఒకరే మార్చేలా చూసే ఏర్పాటు, కావాలి.

ఎక్స్‌హెచ్‌సీఐ 1.0 2010లో వచ్చింది. ఇందులో అసలు సమాచారం రిజిస్టర్లను వదిలి మెమరీలోని ఈవెంట్ రింగ్‌కు (సంఘటనల వివరాలు వరుసగా చేరే, చివర నుంచి మళ్లీ మొదటికి వచ్చే పట్టికకు) తరలిపోయింది. ప్రతి ట్రాన్స్‌ఫర్ ఈవెంట్‌లోనూ ముగిసిన ట్రాన్స్‌ఫర్ చిరునామా, అది ఎలా ముగిసిందో చెప్పే కంప్లీషన్ కోడ్, పరికరం స్లాట్ నంబరు ఉంటాయి. రింగ్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ విలువ మారే సైకిల్ బిట్‌ను బట్టి రింగ్‌లో కొత్తవి ఎక్కడిదాకా ఉన్నాయో తెలుస్తుంది. వెతుకులాట పూర్తిగా పోయింది. ఇలాంటి రింగ్‌తో ఇంటరప్ట్ పంపే విభాగాలు, అంటే ఇంటరప్టర్లు, 1,024 వరకు ఉండవచ్చు కనుక పనిని వేర్వేరు ప్రాసెసర్లకు పంచవచ్చు. ఇంటరప్ట్‌ల మధ్య వ్యవధిని 250 నానోసెకన్ల మెట్లలో నిర్ణయించుకోవచ్చు. డిఫాల్ట్ విలువ 4,000, అంటే 1 మిల్లీసెకను. ఈహెచ్‌సీఐ డిఫాల్ట్ కూడా 1 మిల్లీసెకనే అయినా, అక్కడ కనీస మెట్టు 125 మైక్రోసెకన్లు.

ఇందుకు ప్రతిగా చెరపవలసిన చోట్లు పెరిగాయి. పాత పిన్ ఇంటరప్ట్ వాడితే స్టేటస్‌లోని ఈవెంట్ బిట్‌ను, ఆ తర్వాత ఇంటరప్టర్‌లోని పెండింగ్ బిట్‌ను చెరపాలి. ఎంఎస్ఐ (పిన్‌కు బదులు మెమరీకి రాసే సందేశంగా వచ్చే ఇంటరప్ట్) వాడితే పెండింగ్ బిట్ తనంతట తానే చెరుగుతుంది. ఈవెంట్లు చూశాక, ఎక్కడిదాకా చదివామో చెప్పే డీక్యూ పాయింటర్‌ను ముందుకు జరుపుతూ అందులోని బిజీ బిట్‌కు 1 రాయడం మరిస్తే ఆ ఇంటరప్టర్ నుంచి మళ్లీ ఇంటరప్ట్ రాదు. కంట్రోలర్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, డ్రైవర్ మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవారు ఈహెచ్‌సీఐతోనే మొదలుపెట్టాలి. మాస్క్ అమరిక వరకు ఓహెచ్‌సీఐని మించినది లేదు. నిజమైన భారం మోయవలసిన వ్యవస్థకు మాత్రం ఎక్స్‌హెచ్‌సీఐయే మేలని నిస్సంకోచంగా చెబుతాను, ఒక్కో పోర్టు స్థితిని చూపే పోర్ట్ రిజిస్టర్ విషయంలో తప్ప. ఈహెచ్‌సీఐ పోర్ట్ రిజిస్టర్‌ను చదివి, రీసెట్ బిట్ కలిపి, ఉన్నదున్నట్టు తిరిగి రాస్తే పోయేది మార్పు సూచనలే. ఎక్స్‌హెచ్‌సీఐలో పోర్ట్ ఎనేబుల్ బిట్ కూడా 1 రాస్తే చెరిగే రకం. అక్కడ అదే పని చేస్తే పోర్టే ఆగిపోతుంది. ఆ బిట్‌నూ, మార్పు బిట్లనూ ముందుగా సున్నా చేసుకున్నాకే ఆ రిజిస్టర్‌లో ఏదైనా రాయాలి.